కొన్న వెల, అమ్మిన వెల లెక్కల్లో సమీకరణం ఎలా రాయాలి?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి):
మా పాప పదో తరగతి. వర్గ సమీకరణం ఇస్తే కారణాంకాలు చేసి చకచకా మూలాలు చెప్పేస్తుంది. అదే మాటల్లో ఇస్తే పెన్ను కదలదు. ఇప్పుడు ఈ లెక్క దగ్గర ఆగింది: "ఒకతను బేగంబజార్‌లో 1200 రూపాయలకు కొన్ని పింగాణీ కప్పులు కొన్నాడు. దారిలో 3 పగిలాయి. మిగతావి ఒక్కోటి కొన్న ధర మీద 10 రూపాయలు ఎక్కువకు అమ్మితే మొత్తం మీద 150 లాభం వచ్చింది. ఎన్ని కప్పులు కొన్నాడు?" ఎక్కడ మొదలుపెట్టమనాలి సార్?

జవాబు:
అమ్మా, ముందే ఎక్స్ జోలికి పోవద్దని చెప్పండి. ఈ లెక్కలన్నిటికీ ఆధారం ఒక్కటే: సంఖ్య × ఒక్కోదాని ధర = మొత్తం. దీన్ని కొన్నప్పటికి ఒకసారి, అమ్మినప్పటికి ఒకసారి మాటల్లోనే రాయించండి. కొన్న మొత్తం 1200. అమ్మగా చేతికొచ్చింది 1200 + 150, అంటే 1350. చాలామంది పిల్లలు ఇక్కడ 150 వేసేస్తారు, లెక్క అక్కడే చెడుతుంది. పగిలిన వాటికీ డబ్బు కట్టాడు కాబట్టి 1200లోంచి ఏమీ తీసెయ్యకూడదు.

ఇప్పుడు కప్పులు ఎక్స్ అనుకుందాం. ఒక్కోటి కొన్నది 1200/ఎక్స్ రూపాయలకు. అమ్మినవి ఎక్స్ − 3.

(ఎక్స్ − 3)(1200/ఎక్స్ + 10) = 1350

విప్పి, ఎక్స్‌తో గుణించి, 10తో భాగిస్తే:

ఎక్స్² − 18ఎక్స్ − 360 = 0

కారణాంకాలు (ఎక్స్ − 30)(ఎక్స్ + 12). అవి తట్టకపోతే వర్గం పూర్తిచేయడం ఉంది: 360ని అటు పంపి, 18లో సగం 9, దాని వర్గం 81 రెండువైపులా కలిపితే (ఎక్స్ − 9)² = 441. అది 21 వర్గం. ఎక్స్ = 30 లేదా −12. కప్పులు 30.

సరిచూసేటప్పుడు సమీకరణంలో కాదు, ప్రశ్నలోని మాటల్లో పెట్టి చూడాలి. సమీకరణమే తప్పు రాస్తే, దాని మూలాలు దానికి ఎలాగూ సరిపోతాయి. 30 కప్పులు 40 చొప్పున 1200, మిగిలిన 27 కప్పులు 50 చొప్పున 1350. కుదిరింది.

ఇంకో ప్రశ్న (ఉప్పల్ నుంచి ఒక విద్యార్థి):
సార్, ధరని ఎక్స్ అనుకుంటే తప్పా?

జవాబు:
తప్పేం లేదు బాబూ. ఎక్స్² + 60ఎక్స్ − 4000 = 0 వస్తుంది, ఎక్స్ = 40. కానీ అడిగింది కప్పులు కదా, 1200ని 40తో భాగించడం మర్చిపోకు. అడిగినదాన్నే ఎక్స్ అనుకుంటే ఆ పని తప్పుతుంది.

అదే విద్యార్థి:
రెండు మూలాలూ ధనాత్మకమైతే ఏది తీసెయ్యాలి సార్?

జవాబు:
ప్రతిసారీ ఒకటి తీసెయ్యాలనేం లేదు. "ఒక వస్తువును 24 రూపాయలకు అమ్మితే, కొన్న వెల ఎంతో అంత శాతం నష్టం వచ్చింది" అనే లెక్క చూడు. ఎక్స్ − ఎక్స్²/100 = 24, అంటే ఎక్స్² − 100ఎక్స్ + 2400 = 0. మూలాలు 40, 60. 40కి కొంటే 40 శాతం నష్టం 16, మిగిలేది 24. 60కి కొంటే 60 శాతం నష్టం 36, అప్పుడూ 24. రెండూ నిజమే, జవాబులో రెండూ రాయాలి. అదే 75కి అమ్మి, కొన్న వెల ఎంతో అంత శాతం లాభం అంటే 50, −150 వస్తాయి. ధర రుణాత్మకం కాదు కాబట్టి అక్కడ 50 ఒక్కటే.