అప్‌డేట్: మా టిఫిన్ సెంటర్ ముందు మ్యాన్‌హోల్ పొంగడం ఆగింది

కూకట్‌పల్లిలో మా టిఫిన్ సెంటర్ ముందు మ్యాన్‌హోల్ మాటిమాటికీ పొంగుతోందని, ఇంకో గ్రీజ్ ట్రాప్ (వంటగది నీళ్ళలోని నూనె, కొవ్వు మురుగు పైపులోకి పోకుండా ఆపే తొట్టి) కట్టించాలా అని రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను. ముందుగా, ఇప్పటికే ఉన్న ట్రాప్ మూత తీసి చూడమన్నారు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది, అందరికీ ధన్యవాదాలు.

మూత మీదున్న బియ్యం బస్తాలు జరిపి తీశాం. పైన జానెడు మందాన తెల్లగా గట్టిపడిన కొవ్వు, అడుగున మినప్పొట్టు, చట్నీ తుక్కు. నీళ్ళు నిలిచి చల్లారితేనే కదా నూనె పైకి తేలేది! నిలవడానికి చోటే లేదు. పైగా అంట్లు తోమే అబ్బాయి, "జామ్ అయినప్పుడల్లా మరిగే నీళ్ళు పోస్తున్నానన్నా" అన్నాడు. కొవ్వు అప్పటికి కరిగిపోతుంది, రోడ్డు కింద పైపులో మళ్ళీ పేరుకుంటుంది. మా వల్ల పక్క మెడికల్ షాపు మెట్ల దాకా మురుగు వచ్చింది. ఆ షాపాయనకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు ప్లేట్లు గీకి, పెనాలు పేపర్‌తో తుడిచాకే సింక్‌లో వేస్తున్నాం. బుధ, ఆదివారాల్లో నేనే కర్ర దించి చూస్తాను. కొవ్వు, మడ్డి కలిపి లోతులో నాలుగో వంతుకు చేరితే ఆ రోజే శుభ్రం చేయిస్తాం. మాకు దాదాపు పది రోజులు పడుతోంది.

కాగిన నూనె వేరే డబ్బాలో పడుతున్నాం. వేపుళ్ళకు రోజుకు 50 లీటర్లకు మించి వాడేవాళ్ళు లెక్క రాసి, అనుమతి ఉన్న సంస్థకే ఇవ్వాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నియమం. మా వాడకం అంత లేదు, అయినా బయోడీజిల్‌కు తీసుకెళ్ళేవాళ్ళకే ఇస్తున్నాం.