స్వయంప్రతిపత్తి కళాశాలలో పరీక్షా విధానం మార్చేటప్పుడు మొదటి బ్యాచ్‌కు ఏ భరోసా ఇవ్వాలి?

ప్రశ్న (అర్థశాస్త్ర అధ్యాపకురాలు):
మా డిగ్రీ కళాశాలకు ఇటీవలే స్వయంప్రతిపత్తి వచ్చింది. మూడో సెమిస్టర్‌లో ఒక పేపరుకు చివరి రాతపరీక్ష తీసేసి, దాని స్థానంలో క్షేత్ర పరిశీలన నివేదిక, మౌఖిక పరీక్ష పెట్టాలని సిలబస్, పరీక్షల తీరు చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే సమావేశంలో ప్రతిపాదించబోతున్నాము. రైతుబజారు బోర్డు మీద రాసిన టమాటా ధరకూ, అదే రోజు వీధి దుకాణంలో పలికిన ధరకూ ఎందుకు తేడా వచ్చిందో విద్యార్థి స్వయంగా తెలుసుకుని రాయాలన్నది మా ఉద్దేశం. నిబంధనలు అడ్డు రావని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. అయితే దీన్ని అందరికీ ఒకేసారి పెట్టాలా, ఒక సెక్షన్‌కే పెట్టి చూడాలా? ఫలించకపోతే ఎలా వెనక్కి తీసుకోవాలి?

జవాబు 1 (విశ్రాంత ఆచార్యుడు):
అమ్మా, సిలబస్, పరీక్ష, ఫలితాలు మీ చేతిలో ఉన్నా పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే. జాతీయ విద్యా సంఘమైన కొఠారీ కమిషన్ సూచించిన ఈ స్వయంప్రతిపత్తి ఏర్పాటు 1978లో తమిళనాడు కళాశాలలతో మొదలైంది. మీ బోర్డులో వైస్ ఛాన్సలర్ నామినేట్ చేసే నిపుణులు ఒకరు, బయటి విశ్వవిద్యాలయాల నుంచి మరికొందరు ఉంటారు కాబట్టి, వారి ముందు ఆమోదం కోసం మాత్రమే కాకుండా సలహా కోసం కూడా ఈ ప్రతిపాదన పెట్టండి. ఒకే మార్కుల మెమో పొందే వారిని రెండు సెక్షన్లుగా విడదీసి వేర్వేరు పరీక్షలు పెట్టడం న్యాయం కాదు. ఎలక్టివ్‌గా, అంటే విద్యార్థి కోరుకుంటేనే తీసుకునే పేపరుగా పెడితే ఇష్టపడినవారే ఎంచుకుంటారు.

జవాబు 2 (ఢిల్లీలో పనిచేస్తున్న తెలుగు అధ్యాపకుడు):
ఎలక్టివ్‌గా పెట్టడం మంచిదే గానీ, ధైర్యమున్నవారే దాన్ని ఎంచుకుంటారు. అప్పుడు మంచి ఫలితాలు వచ్చినా, అది పద్ధతి గొప్పదనమా, ఆ విద్యార్థుల గొప్పదనమా అన్నది తేలదు. మరో సంగతి కూడా చెప్పాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ల డిగ్రీని ఏ కొన్ని కళాశాలల్లోనో ముందు పరీక్షించకుండా అన్నింటా ఒకేసారి ప్రవేశపెట్టింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆదేశంతో 2014 జూన్‌లో దాన్ని ఉపసంహరించుకున్నప్పుడు, అందరికీ ఉమ్మడిగా ఉండే ఫౌండేషన్ కోర్సులతో ఏడాది గడిపిన విద్యార్థులను మూడేళ్ల చదువులోకి సర్దవలసి వచ్చింది. నాలుగేళ్ల డిగ్రీ మంచి ఆలోచనా కాదా అన్న వాదన వేరు. 2022లో అది అక్కడికే మళ్లీ వచ్చింది. నన్ను బాధించేదల్లా, వెనక్కి మళ్లే దారిని విద్యార్థులు చేరాక వెతకడమే. ఆ దారి తొలి తీర్మానంలోనే ఉండాలి.

జవాబు 3 (పరీక్షల విభాగం ఉద్యోగి):
మేడమ్, ఇందులో తప్పినవారి సంగతి ఏమిటి? రాతపరీక్ష తప్పితే సప్లిమెంటరీ రాస్తారు. నివేదిక తప్పినవారు మళ్లీ క్షేత్రానికి వెళ్లాలి, కానీ అప్పటికి టమాటా సీజన్ దాటిపోవచ్చు, గైడ్‌గా ఉన్న అధ్యాపకులు బదిలీ అయిపోవచ్చు. విధానం రద్దయితే బ్యాక్‌లాగ్ ఉన్నవారికి రద్దయిన ఆ పద్ధతిలోనే ఎన్నాళ్లు అవకాశమిస్తారో, దానికి బదులు రాయదగ్గ సమానమైన పేపరు ఏదో రాసిపెట్టకపోతే, ఆ విద్యార్థి ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం మా కిటికీ దగ్గరకు వచ్చినప్పుడు మేము చెప్పగలిగేది ఏమీ ఉండదు. క్రెడిట్ల సంఖ్య మాత్రం మార్చకండి. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లోకి ఎక్కించేటప్పుడు లెక్క సరిపోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఎలక్టివ్ గురించి ఢిల్లీ మిత్రులు చెప్పింది సబబుగా ఉంది కాబట్టి, పేపరు అందరికీ ఉంటుంది. అయితే నూరు మార్కుల్లో నివేదికకూ మౌఖికానికీ కలిపి 40 మాత్రమే ఇచ్చి, మిగతాది రాతపరీక్షగానే ఉంచమని కోరతాను. నివేదిక తప్పినవారు రైతుబజారుకే వెళ్లనవసరం లేకుండా, ఆ కాలంలో దొరికే ఏ సరుకుపైనైనా రాయవచ్చన్న వెసులుబాటు చేరుస్తాను. రెండు బ్యాచ్‌ల తరువాత బయటి పరీక్షకులు కొన్ని నివేదికలను తిరిగి దిద్ది చూస్తారని, రద్దయినా ఆ రెండు బ్యాచ్‌ల వారు డిగ్రీ పూర్తిచేసే గడువు ముగిసేవరకు వారికి ఈ నివేదిక పద్ధతే కొనసాగుతుందని తీర్మానంలోనే రాయిస్తాను. సమానమైన పేపరు ఏదన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఇతర స్వయంప్రతిపత్తి కళాశాలల వారు తమ తీర్మానాల్లో ఆ వాక్యం ఎలా రాసుకున్నారో తెలిపితే మేలు చేసినవారవుతారు.