ప్లేటులోని సెన్సర్ ఎముక అతికిందో లేదో చెబుతుందా?

ప్రశ్న: మా అమ్మకు మోకాలి కింద ఎముక విరిగి ప్లేటు వేసి పది వారాలైంది. ఎక్స్‌రేలో అతుకు స్పష్టంగా తెలియడం లేదు, ఇంకో నెల చూద్దామని డాక్టరు గారు అంటున్నారు. కాలు మోపాలంటేనే అమ్మకు భయం. ఎముక అతికిందీ లేనిదీ తెలిపే సెన్సర్లు వచ్చాయని చదివాను. ఆ ప్లేటుకు ఇప్పుడు అమర్చవచ్చా?

జవాబు: ఇప్పుడు కుదరదండి. సెన్సర్ కోసమే మళ్లీ కోత పెట్టించడం మంచిది కాదు. పైగా అతుకును కొలిచే రకాలు ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయి.

వాటిలో ముఖ్యమైన రకం చూసేది ఎముకను కాదు, లోహాన్ని. విరిగిన కొత్తలో అడుగు వేస్తే బరువులో ఎక్కువ భాగం ప్లేటు మీదే పడి, అది కంటికి కనిపించనంతగా వంగుతుంది. దానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్ అనే సెన్సర్‌లోని సన్నని లోహపు తీగ ఆ వంపుకు సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. విరిగిన చోట అతుకుగా పెరిగే కొత్త కణజాలం (కాలస్) గట్టిపడేకొద్దీ ఎముక తన వంతు బరువు మోస్తుంది, ప్లేటు వంగడం తగ్గుతుంది. కాలస్‌లో కాల్షియం చేరేదాకా ఎక్స్‌రేకు అందని మార్పు ఇక్కడ ముందే తెలిసే వీలుంది.

ఒక్క చిక్కుంది. భయపడి కాలు తేలికగా మోపినా ప్లేటు తక్కువే వంగుతుంది. కాబట్టి కాలి మీద ఎంత బరువు పడిందో తెలియకుండా ఆ అంకెను నమ్మలేం.

ప్రశ్న: మోకాలి మార్పిడిలో సెన్సర్లు ఇప్పటికే వాడుతున్నారు కదా?

జవాబు: అవును. పర్సోనా ఐక్యూ అనే కృత్రిమ మోకాలికి 2021లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది అడుగుల సంఖ్య, నడక వేగం, మోకాలి కదలిక లెక్కిస్తుంది. ఎముక సంగతి చెప్పదు.

మీరు డాక్టరు గారిని ఒక్క మాట సూటిగా అడగండి: ఆ కాలి మీద ఎన్ని కిలోలు మోపవచ్చు? అంకె చెప్పాక, పట్టుకోవడానికి ఆసరా ఉన్నచోట, బరువు తూచే యంత్రం మీద ఆ పాదం ఒక్కటే ఆనించి అంతవరకే నొక్కడం సాధన చేయించండి. ముల్లు కళ్లెదుట కనబడుతుంటే అమ్మగారికి ధైర్యం వస్తుంది. నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, గాయం దగ్గర వాపు, వేడి, చీము కనిపించినా మాత్రం నెల ఆగకుండా వెంటనే చూపించండి.

ప్రశ్న అడిగినవారు: చీము, వాపు లేవండి. కిలోల సంగతి ఇంతవరకూ మేము అడగనే లేదు, రేపే అడుగుతాను.