వార్టన్ స్కూల్‌కు అర్లీ డెసిషన్ దరఖాస్తు: మా మేనకోడలికి అవకాశం ఎంత?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు తిరుపతిలో మా ఇంట్లోనే ఉండి సీబీఎస్ఈ పన్నెండో తరగతి చదువుతోంది. గణితం, ఆర్థికశాస్త్రం, అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్ తీసుకుంది. పదో తరగతిలో 96 శాతం, పదకొండో తరగతిలో 94 శాతం మార్కులు వచ్చాయి. అమెరికా కాలేజీలు ప్రవేశానికి చూసే శాట్ పరీక్ష ఒక్కసారి రాసి, 1600కు 1510 తెచ్చుకుంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి (పెన్) చెందిన వార్టన్ బిజినెస్ స్కూల్‌లో డిగ్రీ చదవాలన్నది రెండేళ్లుగా ఆమె కోరిక. నవంబరు 1వ తేదీలోపు అర్లీ డెసిషన్ పద్ధతిలో, అంటే సీటు ఇస్తే తప్పక చేరతామని ముందే ఒప్పుకుని, దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాం.

మా బావగారికి బంగారుపాళ్యం దగ్గర తొమ్మిది ఎకరాల తోతాపురి మామిడి తోట ఉంది. అది తప్ప వేరే ఆదాయం లేదు. అమ్మాయి వేసవికి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ తోటలో నుంచి బయలుదేరిన ఒక్కొక్క లోడు తూకం చీటీనీ నోటుపుస్తకంలో అంటించి, తోటలో తూచినప్పుడు బరువు ఎంత, ట్రాక్టరు గుజ్జు ఫ్యాక్టరీ ముందు ఎన్ని గంటలు నిలబడింది, అక్కడి కాటా మీద ఎంత తగ్గింది, తరుగు కింద ఎంత కోసుకున్నారు అన్నది పక్కనే రాసుకుంటూ వచ్చింది. ఇలా మూడు సీజన్లు రాసింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించిన 2025 సీజన్‌లోనైతే టోకెన్ నంబర్లు కూడా రాసింది. సొన అంటుకుని ఆ పుస్తకం అట్ట నల్లబడిపోయింది. ఇవి కాక చెప్పుకోదగిన పోటీలు గానీ, పతకాలు గానీ ఏమీ లేవు.

మేము సలహా కోసం వెళ్లిన ఒక కన్సల్టెన్సీ వారు మూడు మాటలు చెప్పారు. అర్లీ డెసిషన్ వేస్తే అవకాశం మూడింతలు అవుతుందన్నారు. ఫీజు సాయం అడిగితే సీటు రాదు కాబట్టి ఇప్పుడు అడగవద్దని, సీటు వచ్చాక అడగవచ్చని అన్నారు. మామిడి పుస్తకం గురించి రాయవద్దని, తామే ఒక స్వచ్ఛంద సంస్థ పేరుతో కార్యక్రమం ఏర్పాటు చేస్తామని కూడా అన్నారు. వారి మాట విని మా బావగారు మూడు ఎకరాలు బేరానికి పెట్టారు. అమ్మాయికి నిజంగా ఎంత అవకాశం ఉందో, ఈ సలహాలో ఎంత నిజముందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చిత్తూరు నుంచి ఒక తండ్రి)

అన్నా, ముందు ఆ బేరం ఆపించండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

రెండేళ్ల కిందట మాకూ సరిగ్గా ఇదే సలహా ఇచ్చారు. అమెరికాలో మరొక బిజినెస్ స్కూల్‌కు మా అబ్బాయి చేత అర్లీ డెసిషన్ వేయించి, సాయం అవసరమా అని అడిగిన చోట ‘లేదు’ అని టిక్కు పెట్టించారు. ఒప్పంద పత్రం మీద అబ్బాయి, నేను, స్కూలు వారు ముగ్గురం సంతకాలు చేశాం. ధనుర్మాసం మొదలైన రోజులు. తెల్లవారుజామున ఐదున్నరకు ఫలితం వచ్చింది, సీటు వచ్చింది. మా ఆవిడ ముగ్గు చిప్ప చేతిలో పట్టుకునే లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఆ సంతోషం వారం రోజులు కూడా నిలవలేదు. సాయం కోసం రాస్తే, దరఖాస్తు సమయంలో అడగని విదేశీ విద్యార్థికి ఇప్పుడు ఇవ్వడం కుదరదని మర్యాదగానే జవాబిచ్చారు. బ్యాంకు ఇస్తానన్న అప్పు రెండేళ్లకు కూడా చాలదు. చివరకు ఒప్పందం నుంచి తప్పుకుంటామని బతిమాలుతూ ఉత్తరం రాయవలసి వచ్చింది. మిగతా కాలేజీలకు దరఖాస్తులు సిద్ధం చేసుకోలేదు కాబట్టి ఆ ఏడాది అక్కడితో పోయింది. మావాడు అందుకు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఇప్పటికీ అదే ఎక్కువ బాధ.

అందువల్ల అవకాశం ఎంత అని లెక్క వేయడానికి ముందు, సీటు వస్తే చేరగలరా అన్నది తేల్చుకోండి.

జవాబు (ఫిలడెల్ఫియా నుంచి, మాది తిరుచానూరు)

నమస్కారమండీ. పై అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఈ ఊళ్లో పదేళ్లుగా ఉంటూ, మన వైపు పిల్లల దరఖాస్తులు కొన్నింటిని దగ్గర నుంచి చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మూడింతలు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2021లో చేరిన బ్యాచ్‌కు పెన్ మొత్తానికి అర్లీ డెసిషన్‌లో 7,962 మంది దరఖాస్తు చేస్తే 1,194 మందికి, అంటే 15 శాతం మందికి సీట్లు వచ్చాయి. అర్లీ, రెగ్యులర్ (ఒప్పందం లేని మామూలు దరఖాస్తు) కలిపి దరఖాస్తు చేసినవారు 56 వేలకు పైమాటే కాగా, సీట్లు వచ్చినవారు 6 శాతం లోపే. అర్లీ వారిని తీసివేస్తే మిగిలినవారిలో సీటు దక్కింది నూటికి సుమారు నలుగురికి. 15ను 4తో భాగిస్తే మూడింతలకు పైనే వస్తుంది, దాన్నే మూడింతలు అంటున్నారు. అయితే ఇవి విశ్వవిద్యాలయం మొత్తం లెక్కలే గానీ వార్టన్ ఒక్కదానివి కావు. పైగా ఆ 15 శాతంలో కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు, అక్కడ చదివినవారి పిల్లలు ఎక్కువగా ఉంటారు. వారిని పక్కన పెడితే మామూలు విద్యార్థికి మిగిలే వాటా తగ్గిపోతుంది. అర్లీ వల్ల మేలు లేదని నేను అనడం లేదు. సీటు ఇస్తే తప్పక చేరతారన్న నమ్మకం ఏ విశ్వవిద్యాలయానికైనా విలువైనదే, ప్రతి ఏటా సుమారు సగం సీట్లు అక్కడే నిండుతాయి. కానీ బంగారుపాళ్యం అమ్మాయికి అది మూడింతల మేలు అని చెప్పేవారు లెక్కను తప్పుగా చదువుతున్నారు.

ఇక సాయం సంగతి. అమెరికా, కెనడా, మెక్సికో విద్యార్థుల విషయంలో పెన్ వారి ఆర్థిక స్థితిని చూడకుండా నిర్ణయిస్తుంది. భారతీయుల విషయంలో సాయం అడిగారా లేదా అన్నది కూడా పరిశీలనలోకి వస్తుంది. కాబట్టి అడిగితే అవకాశం తగ్గుతుందన్న మాటలో నిజం ఉంది. సీటు వచ్చాక అడగవచ్చన్నది మాత్రం పచ్చి అబద్ధం. ప్రవేశ సమయంలో అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ సాయం దొరకదు. అడిగి సీటు తెచ్చుకున్నవారికి, తాము లెక్కగట్టిన అవసరాన్ని పూర్తిగా, అప్పు రూపంలో కాకుండా గ్రాంటుగా ఇస్తారు. ఫీజు, వసతి, భోజనం అన్నీ కలిపి ఏడాదికి సుమారు 90 వేల డాలర్లు అవుతుంది, అంటే నాలుగేళ్లకు మూడు కోట్ల రూపాయలు దాటుతుంది. మూడు ఎకరాల మామిడి తోట దానికి ఏ మూలకు వస్తుందో మీ బావగారినే లెక్క వేయమనండి.

కనుక మీకున్న దారి ఒక్కటే. సాయం అడుగుతూనే దరఖాస్తు చేయాలి. అలా చేసి సీటు వచ్చాక, ఇచ్చిన సాయంతో చదవడం సాధ్యం కాదనుకుంటే అర్లీ డెసిషన్ ఒప్పందం నుంచి తప్పుకునే వీలు ఆ పత్రంలోనే ఉంది. అడగకుండా సంతకం పెట్టినవారికి ఆ వీలు వర్తించదు. పై అన్నగారు ఇరుక్కున్నది అక్కడే.

మార్కుల విషయానికి వస్తే, శాట్‌ను 2025-26 నుంచి పెన్ మళ్లీ తప్పనిసరి చేసింది. 1510 తక్కువేమీ కాదు, అయినా గణితం భాగంలో 800కు దగ్గరగా లేకపోతే ఆగస్టులో మళ్లీ రాయించండి, ఎందుకంటే వార్టన్‌లో చేరినవారు కాల్‌క్యులస్ చదవక తప్పదు.

ఆ నోటుపుస్తకాన్ని దాచిపెట్టమన్నవారిని చూస్తే నాకు కోపం వస్తోంది. వార్టన్ వ్యాసానికి ఇచ్చే ప్రశ్న ఏమిటో చూశారా? మీకు ముఖ్యమనిపించిన ఒక వర్తమాన సమస్య గురించి ఆలోచించి, దాన్ని పరిశీలించడానికి ఇక్కడి చదువు ఎలా ఉపయోగపడుతుందో రాయమంటారు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ఎండలో ఒక ట్రాక్టరు ముప్పై గంటలు నిలబడితే కాయ ఎంత బరువు కోల్పోతుంది, ఆ నష్టం ఎవరి మీద పడుతుంది, కోసిన కాయను వెనక్కి తీసుకెళ్లలేని రైతు బేరంలో ఎందుకు ఓడిపోతాడు అన్నవి ఆర్థికశాస్త్రంలో పెద్ద ప్రశ్నలే. వాటిని పుస్తకంలో చదివి రాసేవారు వేలమంది ఉంటారు. తూకం చీటీలు అంటించుకుని రాసేవారు ఎంతమంది ఉంటారు? ఇంకొక చిన్న వ్యాసంలో ఇంతవరకు కృతజ్ఞత చెప్పని ఒక మనిషికి ఉత్తరం రాయమని కొన్నేళ్లు అడిగారు, ఈసారి ఆ ప్రశ్న ఉందో లేదో చూసుకోండి. ఆ చీటీలు చింపకుండా అమ్మాయి చేతికి ఇచ్చినవారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా.

జవాబు (తిరుపతి నుంచి ఒక విశ్రాంత ప్రిన్సిపాల్)

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఒక విషయంలో ఫిలడెల్ఫియా అమ్మగారితో విభేదిస్తున్నాను. ఆమె రాసినది చదివితే, మంచి వ్యాసం ఉంటే చాలు అన్న ఆశ పిల్లలకు కలుగుతుంది. సాయం కోరే భారతీయ విద్యార్థులతో జరిగే పోటీలో ఒలింపియాడ్ పతకాలు ఉన్నవారికి కూడా సీటు రాకపోవడం నేను చూశాను. ఈ అమ్మాయిని గట్టి అభ్యర్థి అనవచ్చు గానీ, సీటు రాకపోవడానికే ఎక్కువ వీలుందని ఆమెకు ఇప్పుడే, ఇంట్లో పెద్దలే చెప్పాలి. డిసెంబరులో వచ్చే జవాబు మూడు రకాలుగా ఉంటుంది: సీటు ఇవ్వడం, నిరాకరించడం, రెగ్యులర్ జాబితాలోకి వాయిదా వేయడం. వాయిదా వేస్తే అర్లీ ఒప్పందం అక్కడితో తీరిపోయినట్లే. కాబట్టి రెగ్యులర్ గడువుకు పంపవలసిన మిగతా దరఖాస్తులు నవంబరులోనే సిద్ధంగా ఉండాలి. ఇండోర్ ఐఐఎం 2011లో మొదలుపెట్టిన ఐదేళ్ల ఐపీఎం మేనేజ్‌మెంట్ కోర్సును కూడా వదలవద్దు. దాని ప్రవేశ పరీక్ష వేసవిలో ఉంటుంది కనుక, డిసెంబరు ఫలితం చూశాక దరఖాస్తు పెట్టినా ఆలస్యం కాదు. శాట్ గణితానికి చేసిన సాధన దానికీ పనికివస్తుంది.

మన ఊరి పాఠశాలల్లో అసలు ఇబ్బంది సిఫారసు ఉత్తరాల దగ్గర వస్తుంది. అమెరికా వారు కౌన్సెలర్ అని పిలిచే ఉద్యోగి మనకు ఉండరు, ఆ పని ప్రిన్సిపాల్ మీద పడుతుంది. ఆ ఫారం ఒక్కసారి కూడా చూడనివారు ‘క్రమశిక్షణ గల విద్యార్థిని’ అని రెండు వాక్యాలు రాసి ముద్ర వేస్తారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే రాశాను, ఆ పిల్లవాడికి ఎంత నష్టం చేశానో తర్వాత గాని తెలియలేదు. కాబట్టి నోటుపుస్తకాన్ని స్వయంగా తీసుకెళ్లి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టి చూపించండి. చూసినవారు చూసినదే రాస్తారు. ఇదంతా దసరా సెలవులకు ముందే ముగించాలి. బ్రహ్మోత్సవాలు, సెలవులు, ఆ వెంటనే అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుకోవడంలో పడ్డ ఉపాధ్యాయులను అక్టోబరు ఆఖరి వారంలో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

స్వచ్ఛంద సంస్థ పేరుతో చేయని పనిని చేసినట్లు రాయించడం గురించి ఎక్కువ చెప్పను. బయటపడితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ నమస్కారాలు. నిన్న రాత్రి బంగారుపాళ్యం వెళ్లి ఈ జవాబులన్నీ బావగారికి చదివి వినిపించాను. మూడు కోట్లు అన్న మాట విన్న తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉదయం లేచాక బేరగాడికి ఫోన్ చేసి తోట అమ్మడం లేదని చెప్పేశారు. సాయం అడుగుతూనే అర్లీ డెసిషన్ వేయాలని నిర్ణయించాం. కృతజ్ఞత ఉత్తరం రాయవలసి వస్తే ఎవరికి రాస్తావని అమ్మాయిని అడిగితే, మామిడికాయలు కొనే ర్యాంపులో కాటా వేసే ముసలాయనకని చెప్పింది. చీటీ రెండో ప్రతి ఇవ్వవద్దని యజమాని అన్నా, ఆయన కార్బన్ కాగితం పెట్టి రాసి ఇచ్చేవాడట. ఈ సంగతి మాకు ఇంతవరకు తెలియదు.

ఒక్క సందేహం మిగిలింది. సాయం కోసం నింపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్‌కు ఆదాయపు పన్ను రిటర్నులు కావాలంటున్నారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మా బావగారు ఎన్నడూ రిటర్ను వేయలేదు. ఏం చేయాలి?

జవాబు (ఫిలడెల్ఫియా నుంచి)

రిటర్నులు లేకపోవడం తప్పు కాదు, మన రైతు కుటుంబాలన్నిటికీ ఎదురయ్యేదే. వ్యవసాయ ఆదాయానికి పన్ను మినహాయింపు ఉన్నందువల్ల రిటర్ను దాఖలు చేయలేదని మీ బావగారు సంతకంతో ఒక లేఖ రాయాలి. దానికి తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌పుస్తకం, రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నిటికీ ఆంగ్ల అనువాదం జతచేయండి. తోట విలువను దాచవద్దు, తగ్గించి కూడా చూపవద్దు. ఆస్తిగా చూపవలసిన చోట చూపించి, అది అమ్మితే కుటుంబానికి వేరే జీవనాధారం లేదని లేఖలో రాయండి. ఏ సీజన్‌లో ఎంత వచ్చిందో చెప్పడానికి మీ దగ్గర లెక్క లేదని మాత్రం అనకండి. అమ్మాయి పుస్తకంలో లోడు లోడుకూ ఉంది కదా, ఆ పుటల నకళ్లు కూడా పెట్టండి.