67 ఏళ్ల నాన్నని సాక్షి అని స్టేషన్‌కి తిప్పుతున్నారు, ఏం చెయ్యాలి?

నమస్కారమండి. మాది విజయనగరం జిల్లా, బొబ్బిలి దగ్గర పల్లె. మా పక్క పొలాల వాళ్ల గట్టు తగాదా కొట్లాటదాకా వెళ్లింది. ఆ టైముకి నాన్న అక్కడే గేదెల్ని మేపుతున్నారు, అంతా చూశారు.

మర్నాటి నుంచి స్టేషన్ ఫోన్లు. కాగితం మీద నోటీసు ఒక్కటీ లేదు. మూడోసారి పొద్దున్న తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఆరుదాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. షుగరు మాత్ర జేబులోనే ఉంది, తిండి లేక వేసుకోలేదు. చివర్లో ఏం రాశారో చదివి వినిపించకుండానే సంతకం పెట్టమన్నారు. భయపడి పెట్టేశారు.

2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన, పోలీసు దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం) చూశాను. 179 సెక్షన్ ప్రకారం సాక్షిని రాతపూర్వకంగా పిలవాలి. 60 దాటిన మగవాళ్లు, ఏ వయసు ఆడవాళ్లయినా స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు, ఇంటి దగ్గరే అడగాలి. 181 ప్రకారం అసలు వాంగ్మూలం మీద సంతకమే తీసుకోకూడదు.

సోమవారం మళ్లీ రమ్మన్నారు. ఇంటికే రమ్మని ఎస్సైగారికి అర్జీ ఎలా రాయాలి? తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో పంపితే చాలా? పెట్టిన సంతకం వల్ల కోర్టులో ఇబ్బందా? ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేస్తే సాక్షికి కూడా వకీలు సాయం దొరుకుతుందా?

నాన్న సాక్ష్యం చెప్పనంటం లేదండి. మా అరుగు మీద కూర్చుని అడిగితే చూసింది చూసినట్టు చెప్తారు. తెలిసినవాళ్లు సోమవారం లోపు చెప్పండి.