కిల్ కొట్టినా సర్వర్ ఆగడం లేదు, సాయం చేయండన్నా

తిరుపతి కుర్రోడు: రాత్రి తొమ్మిదికి కూర్చున్నా, ఇప్పుడు రెండున్నర. లాడ్జి బోర్డులకు గదుల ఖాళీలు పంపే సర్వర్, సీ లో రాశాను. కిల్ కమాండ్ పంపే సిగ్‌టర్మ్‌కు, కంట్రోల్ సీ పంపే సిగ్‌ఇంట్‌కు హ్యాండ్లర్ (సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్) పెట్టి, అందులో 'ఇక ఆగు' అని చెప్పే ఫ్లాగ్‌ను 1 చేస్తున్నా. లూప్ ఆ ఫ్లాగ్ చూసి ఆగాలి. కిల్ కొడితే హ్యాండ్లర్‌లోని ప్రింట్ఎఫ్ కనిపిస్తుంది, సర్వర్ మాత్రం ఆగదు. కంట్రోల్ సీ కొట్టినా అంతే. పొద్దున్నే ఓనర్‌కు చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాత యునిక్స్: ముందు హ్యాండ్లర్‌లో ప్రింట్ఎఫ్ తీసేయండి. ప్రోగ్రాం ప్రింట్ఎఫ్ మధ్యలో ఉండగా సిగ్నల్ వస్తే, హ్యాండ్లర్‌లోని ప్రింట్ఎఫ్ సగం మారిన అదే బఫర్ మీద పని చేస్తుంది. అప్పుడు ఏం జరుగుతుందో చెప్పలేం. దాని బదులు రైట్ (write) ఫంక్షన్ వాడుకోవచ్చు. మాన్ పేజీల్లో 'సిగ్నల్ సేఫ్టీ' అని 7వ విభాగంలో ఉంది, పట్టిక మొత్తం చదవండి.

తిరుపతి కుర్రోడు: తీసేశానన్నా. ఏం తేడా లేదు.

చిత్తూరు మామిడి: కిల్ మైనస్ 9.

పాత యునిక్స్: దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఆ 9 అంటే సిగ్‌కిల్, దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. బోర్డుకు సగం పంపిన వివరం సగంలోనే పోతుంది. ఇంటరప్ట్ వచ్చినప్పుడు శుభ్రంగా మూసుకోవడం నేర్చుకోవాలి.

చిత్తూరు మామిడి: ఇంటరప్ట్ కాదు, సిగ్నల్. ఇంటరప్ట్ హార్డ్‌వేర్ నుంచి వస్తుంది.

పాత యునిక్స్: కంట్రోల్ సీ పంపే సిగ్‌ఇంట్ పేరులో ఉన్నది ఇంటరప్టే కదండీ.

కాణిపాకం వాసి: ఆ మాట తర్వాత తేల్చుకుందాం. తమ్ముడూ, హ్యాండ్లర్‌ను ఏ ఫంక్షన్‌తో పెట్టావు? కిల్ కొట్టాక ఏం జరుగుతోంది?

తిరుపతి కుర్రోడు: సిగ్నల్ ఫంక్షన్‌తోనే. కొట్టాక ఏదైనా బోర్డు కొత్తగా కనెక్ట్ అయితే అప్పుడు ఆగిపోతోంది. అది మామూలే అనుకుని రాయలేదు.

కాణిపాకం వాసి: అసలు సంగతి అదే! లినక్స్‌లో జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) వాళ్ల సిగ్నల్ ఫంక్షన్, ఆగిన కాల్‌ను మళ్లీ మొదలుపెట్టమనే ఎస్ఏ రీస్టార్ట్‌ను తనే పెట్టేస్తుంది. హ్యాండ్లర్ అయిపోగానే, కొత్త కనెక్షన్ తీసుకునే యాక్సెప్ట్ మళ్లీ ఎదురుచూపులో పడుతుంది. నీ లూప్ ఫ్లాగ్ దాకా రావాలంటే ఎవరో ఒకరు కనెక్ట్ కావాలి. సిగ్నల్ బదులు సిగ్‌యాక్షన్ ఫంక్షన్ వాడి, దాని ఫ్లాగ్స్‌కు 0 ఇవ్వు. యాక్సెప్ట్ మైనస్ 1 ఇచ్చి బయటికొస్తుంది, ఎర్‌నో (ఎర్రర్ నంబరు) చూస్తే ఈఇంటర్, అంటే సిగ్నల్ మధ్యలో ఆపిందని ఉంటుంది.

పాత యునిక్స్: అప్పుడూ సందు మిగులుతుంది. ఫ్లాగ్ చూశాక, యాక్సెప్ట్‌లోకి వెళ్లేలోపు సిగ్నల్ వస్తే మళ్లీ ఇరుక్కుంటాడు. కనెక్షన్‌నూ సిగ్నల్‌నూ ఒకేసారి కనిపెట్టుకునేలా పీపోల్ గానీ సిగ్నల్ఎఫ్‌డీ గానీ వాడాలి.

కాణిపాకం వాసి: నిజమే. పొద్దున చూపించడానికి ఇది చాలు, తర్వాత అది మార్చుకో.

తిరుపతి కుర్రోడు: ఆగిందన్నా! థాంక్స్. ఇంకొకటి, బోర్డులో ప్రోగ్రాం మూసేస్తే ఒక్కోసారి సర్వర్ ఏ మెసేజీ లేకుండా పడిపోతోంది. అదీ దీనివల్లేనా?

చిత్తూరు మామిడి: అది సిగ్‌పైప్, అవతల మూసేసిన కనెక్షన్‌కు రాస్తే వచ్చే సిగ్నల్. రాకుండా సెండ్‌లో ఎంఎస్‌జీ నోసిగ్నల్ పెట్టు.

పాత యునిక్స్: సెండ్ ఏం తిరిగిస్తుందో చూస్తున్నారా అసలు? కోడ్ పెట్టండి.