ఏడేళ్ల పాపకు సొంత ల్యాప్‌టాప్ ఇవ్వొచ్చా?

గోరువంక:
ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఏడేళ్ల పాప బొమ్మలు వేసుకోడానికి, స్క్రాచ్ (పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పేది) నేర్చుకోడానికి దాన్నే ఇచ్చేద్దామా, అందరం వాడే కంప్యూటర్ దగ్గరే కూర్చోబెట్టడం మేలా? ఇచ్చేట్టయితే ముందు ఏమేం చూసుకోవాలండీ?

పాతస్క్రూడ్రైవర్:
ఇవ్వండి, నెట్ లేకుండా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. వైఫై ఆపేసిన మెషీన్‌కి దాంతో పెద్ద చిక్కేం లేదు. స్క్రాచ్ యాప్, టక్స్ పెయింట్ (పిల్లలు బొమ్మలు వేసే ప్రోగ్రాం) వేరే కంప్యూటర్లో దించి పెన్‌డ్రైవ్‌తో ఎక్కించండి. విండోస్ బదులు లినక్స్ వేద్దామంటే దానికి స్క్రాచ్ వాళ్ల సొంత యాప్ లేదు, బ్రౌజర్లో వాడాలి, మళ్లీ నెట్ కావాలి. ర్యామ్ సరిపోతుంది కానీ హార్డ్ డిస్క్ నెమ్మది, అది తీసి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. చక్రం తిరుగుతున్నంతసేపూ పిల్లలు క్లిక్ చేస్తూనే ఉంటారు, పది విండోలు ఒకేసారి తెరుచుకుని మెషీన్ బిగుసుకుపోతుంది.

ఇంకోటి, ముందు దాన్ని బల్ల మీద పెట్టి చూడండి. నాలుగు మూలలూ ఆనకుండా ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బిందేమో. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు. మార్పించాకే పాప చేతికి.

కమాండ్‌ప్రాంప్ట్:
మెషీన్ ఎవరిదన్నది తర్వాత సంగతి, ఖాతా మాత్రం పాపకు విడిగా ఉండాలి. స్టాండర్డ్ యూజర్‌గా (సెట్టింగులు మార్చే అధికారం లేకుండా) తీయండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. లోకల్ ఖాతాకి (ఆ మెషీన్ వరకే ఉండే ఖాతా) ‘నెట్ యూజర్’ కమాండ్‌లో టైమ్స్ ఆప్షన్‌తో సాయంత్రం 5 నుంచి 6 అని పెట్టొచ్చు. అయితే అది లాగిన్‌ని మాత్రమే ఆపుతుంది, 5:50కి కూర్చున్న పిల్లను 6కి లేపదు. అందుకే టాస్క్ షెడ్యూలర్లో (చెప్పిన వేళకి పనులు నడిపే విండోస్ ప్రోగ్రాం) 5:55కి షట్‌డౌన్ టాస్క్, 300 సెకన్ల గడువుతో, విండోస్ సొంత సిస్టమ్ ఖాతా కింద నడిచేలా పెట్టండి. గడువు పెట్టిన షట్‌డౌన్ తెరిచి ఉన్న ప్రోగ్రాములను బలవంతంగా మూసేస్తుంది, సేవ్ చేయని బొమ్మ పోతుంది. హెచ్చరిక రాగానే సేవ్ నొక్కడం ముందే అలవాటు చేయించండి. టక్స్ పెయింట్ ఫైలు పేరు కూడా అడగదు కాబట్టి కొత్త బొమ్మకి ఒక్క నొక్కుడే.

వెన్నుపూస:
కూర్చోవడం గురించి ఎవరూ అనలేదేం? ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెర కంటి ఎత్తుకి లేపితే చేతులు భుజాల దాకా లేస్తాయి, కిందపెడితే మెడ వంగుతుంది. కింద నాలుగు పుస్తకాలు పెట్టి, విడి కీబోర్డు, చిన్న మౌస్ ఇవ్వండి. కాళ్లు వేలాడకుండా పీట వేయండి. కంటికీ తెరకీ 50-60 సెంటీమీటర్లు, 20 నిమిషాలకోసారి దూరంగా చూడమనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ‘గంటకు మించొద్దు’ అన్న మాట ఐదేళ్ల లోపు పిల్లలకి. ఏడేళ్లకి అదే అంకె పట్టుకుని కొట్లాడుకోనక్కర్లేదు, నిద్రా ఆటా తగ్గకపోతే చాలు.

గోరువంక:
ఎప్పుడైనా స్కూలు పనికి నెట్ కావాలంటే?

కమాండ్‌ప్రాంప్ట్:
అప్పుడు మీ అందరి కంప్యూటర్లో, పాప ఖాతాతోనే, మీ పక్కన కూర్చుని. రౌటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరుని దాని చిరునామా నంబరుగా మార్చే సర్వర్) 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 పెట్టండి, పెద్దల సైట్లు చాలామటుకు తెరుచుకోవు. రెండో గడిలో పాత నంబరు వదిలేస్తే కొన్ని సైట్లు అటునుంచి జారిపోతాయి. బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్ఎస్ (బ్రౌజర్ తన సొంత డీఎన్ఎస్‌ని వాడే పద్ధతి) కూడా ఆపాలి, లేకపోతే అది రౌటర్‌ని దాటి పోవచ్చు. యూట్యూబ్ లోపల ఏ వీడియో వస్తుందో మాత్రం డీఎన్ఎస్‌కి తెలీదు.